సారమేయ ధర్మము: కావలి శునకమునకు వివేకమే భూషణము



ఋగ్వేదము సప్తమ మండలమున 55వ సూక్తము వసిష్ఠ మహర్షి దర్శించినది. ఇంటిలోని వారందరు నిద్రకు ఉపక్రమించు వేళ, వాకిట కావలి కాయు సారమేయుని సంబోధించు మంత్రములు అందు కలవు. దొంగలను చూచి మొఱగవలసినవాడు దేవతలను స్తుతించు వారిని చూచి ఏల మొఱగుచున్నాడని ఋషి ఆ శునకమును అడుగును. వేదాధ్యయనము చేయు బాలురకు ఆ ఘట్టము వినోదముగా తోచును. కాని నిదానముగా ఆలోచించినచో, కావలి శునకము యొక్క ధర్మశాస్త్రమంతయు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. మొఱగుట తప్పు కాదు, కోఱ చూపుటయు తప్పు కాదు. ఎవరిపై చూపవలెనో ఎఱుంగకపోవుటయే తప్పు.

వేలాది సంవత్సరములకు పూర్వము ఒక ఋషి వేసిన ఆ ప్రశ్న నేటి భాగ్యనగర శివారు గృహముల వాకిళ్ల యందు మఱల వినబడుచున్నది. ఎత్తైన ప్రహరీ, ఇనుప ద్వారము, ద్వారముపై "కుక్క ఉన్నది జాగ్రత్త" అను ఫలకము, లోపల గొలుసుకు కట్టబడి రేయింబవళ్లు మొఱగు ఒక మహాకాయ శునకము. పాలవాడు వచ్చినను, పోస్టుమాన్ వచ్చినను, ఇంటి ఆడపడుచు పుట్టింటికి వచ్చినను దానికి భేదము లేదు. యజమాని మాత్రము "మా వాడు మహా ఉగ్రుడు, ఎవరినీ దగ్గఱకు రానీయడు" అని గర్వముగా చెప్పుకొనును. సారమేయ సూక్తము చదివినవారికి అది గర్వకారణముగా తోచదు. ఆ శునకము తన ధర్మమును మఱచినది. లేక దానిని మఱపించినవారు ఎవరో కలరు.

ఉగ్రత వేఱు, రక్షకత్వము వేఱు

కావలి శునకముల జాతులలో నిజస్వభావ పరిరక్షణము అను విషయమును గూర్చి లోకమున ఇప్పుడు విస్తృతముగా చర్చ జరుగుచున్నది. ఆ చర్చలో మొదట తేల్చవలసినది నిజస్వభావమనగా నేమి అన్నదే. పలువురు దానిని క్రౌర్యమని భ్రమించుచున్నారు. త్రిగుణ పరిభాషలో చెప్పవలెనన్నచో ఈ భ్రమ సులభముగా తొలగును.

శునకము కఱచుటకు హేతువులు అనేకము. వాటిలో మిక్కిలి సామాన్యమైనది భయము. చెవులు వెనుకకు వాల్చి, తోక ముడిచి, వెనుకకు జరుగుచునే కోఱలు చూపు శునకము ధైర్యముగలది కాదు, భయగ్రస్తమైనది. అది తమోగుణము యొక్క చేష్ట. కదలు ప్రతి వస్తువు వెంట పరుగెత్తి పట్టవలెనను ఆవేశముగల శునకము రజోగుణ ప్రధానమైనది, వేటకు పనికివచ్చును గాని కావలికి పనికిరాదు. నిజమైన కావలి శునకము పగలంతయు అర్ధనిమీలిత నేత్రములతో పండుకొనియుండును. వచ్చినవాని నడకను, వాసనను, యజమాని కంఠస్వరమును గమనించును. లేవవలసినప్పుడు లేచి నిలుచును. మొఱగి హెచ్చరించును. రక్షింపవలసిన దానికి, ఆపదకు నడుమ తన దేహమును నిలుపును. కఱచుట దాని చిట్టచివరి ఉపాయము. ఆపద తొలగిన క్షణమున శాంతించి మఱల తన చోటికి చేరును. ఈ స్థైర్యమునకు సత్త్వమని పేరు పెట్టుట అతిశయోక్తి కానేరదు.

చాణక్యనీతి శునకము నుండి నేర్వదగిన గుణములు ఆఱు అని చెప్పినది. ఎక్కువ తినగల శక్తి ఉండియు కొంచెముతో తృప్తి చెందుట, గాఢముగా నిద్రించుట, అయినను అల్పశబ్దమునకే మేల్కొనుట, స్వామిభక్తి, శౌర్యము మొదలైనవి అందు గణింపబడినవి. ఆ ఆఱింటిలో క్రౌర్యము లేదు. గాఢనిద్ర ఉన్నది. నిశ్చింతగా నిద్రింపగల ప్రాణియే వేళకు మేల్కొనగలదు. నిరంతర భయమున ఉన్న ప్రాణికి నిద్రయు లేదు, మెలకువయు లేదు.

పాశ్చాత్య పరిశోధకులును ఇంచుమించు ఈ నిర్ణయమునకే వచ్చిరి. అమెరికాలోని హాంప్‌షైర్ కళాశాలలో 1970ల నుండి రేమండ్ కాపింగర్, లోర్నా కాపింగర్ దంపతులు పశువుల మందలను కాయు శునకములను ఐరోపా, ఆసియా దేశముల నుండి రప్పించి పరిశీలించిరి. ఉత్తమమైన కావలి శునకమున మూడు లక్షణములు ఉండవలెనని వారు చెప్పిరి. మంద పట్ల సావధానత, మందకు హాని చేయని విశ్వసనీయత, మందను కాపాడు రక్షణబుద్ధి. మొదటి రెండు లేనిదే మూడవది నిలువదని వారి అభిప్రాయము. దానిని మన పరిభాషలోనికి తెచ్చినచో శ్రద్ధ, అహింస, శౌర్యము అని అనవచ్చును. శ్రద్ధయు అహింసయు లేని శౌర్యమును మన శాస్త్రములు ఆసుర సంపదలో చేర్చినవి.

ధౌలాధార సానువులలో ఒక పాఠశాల

ఈ స్వభావము ఎచ్చట పుట్టినదో తెలియవలెనన్నచో హిమాచల ప్రదేశములోని చంబా, కాంగ్డా ప్రాంతముల గద్దీలను చూడవలెను. మణిమహేశుని తమ ఇలవేల్పుగా కొలుచు ఈ గొఱ్ఱెల కాపరులు శీతకాలమున మందలతో దిగువ లోయలకు దిగుదురు. వేసవిలో ధౌలాధార శ్రేణిని దాటి లాహౌల్ వైపు పచ్చిక భూములకు ఎక్కుదురు. ఆ దారిలో చిఱుతపులి, ఎలుగుబంటి, మంచు, చీకటి అన్నియు ఉన్నవి. మందకు ఆ రాత్రులందు గద్ది శునకమే రక్ష. చిఱుత మొదట గొంతును పట్టును గనుక ఆ శునకము మెడకు ముళ్లుగల ఇనుప పట్టీని కట్టుదురు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఈ గద్ది శునకమును ఇటీవల దేశీయ శునకజాతులలో ఒకటిగా నమోదు చేసినది. అంతకుముందే రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ జాతులు ఆ పట్టికలో చేరియున్నవి.

గద్దీలకు వంశవృక్షపు పత్రములు లేవు, ప్రదర్శన పోటీలు లేవు. వారికి ఉన్న పరీక్ష ఒక్కటే: పని. గొఱ్ఱెపిల్లను కఱచిన శునకమును, చిఱుత వాసనకు మందను విడిచి పాఱిపోయిన శునకమును, దారిన పోవు బాటసారిని నిష్కారణముగా చీల్చిన శునకమును ఏ కాపరియు తరువాతి తరమునకు తల్లిదండ్రులుగా ఎంచుకొనడు. కుక్కపిల్ల కన్ను తెఱచిననాటి నుండి గొఱ్ఱెల నడుమనే పెరుగును. వాటి వాసనయే దానికి ఇంటి వాసన. అందువలన మందను అది ఆహారముగా చూడదు, ఆత్మీయులుగా చూచును. ఇట్లు శతాబ్దముల తరబడి పర్వతమే గురువై, పనియే పరీక్షయై, ఆ స్వభావమును తీర్చిదిద్దినవి. దానిని ఎవరును గ్రంథమున వ్రాసి సృష్టింపలేదు. కాని పోగొట్టుటకు మాత్రము కొన్ని తరములు చాలును.

మన దేశమున గొఱ్ఱెల కాపరుల దైవములకు శునకము తోడుగా నుండుట యాదృచ్ఛికము కాదు. మహారాష్ట్రమున ఖండోబా సన్నిధిలో శునకమున్నది. కాలభైరవునికి శునకము వాహనము. కాశీ క్షేత్రమునకు భైరవుడు క్షేత్రపాలకుడు. పాలకుని వాహనము పాలన నేర్చినదై ఉండవలెను గదా.

రూపమునకు దాస్యము, గుణమునకు వనవాసము

స్వభావము ఎట్లు నశించునో తెలుపుటకు టిబెట్ మాస్టిఫ్ చరిత్ర ఒక్కటి చాలును. టిబెట్ పీఠభూమిపై గుడారములకు, జడలబఱ్ఱెల మందలకు, మఠములకు కావలి కాసిన శునకమది. ఈ శతాబ్ది ప్రారంభ దశకములలో చైనాలోని ధనికులకు అది వైభవ చిహ్నమైనది. 2011లో ఒక ఎఱ్ఱని మాస్టిఫ్ కోటి యువాన్లకు అమ్ముడుపోయినదని లోకమంతటను వార్తలు వచ్చినవి. కొనువారు దాని జూలు ఎంత దట్టముగా నున్నది, తల ఎంత పెద్దది, రంగు ఎంత అరుదైనది అని చూచిరి. అది మందను కాయునా, కాయదా అని అడిగినవారు లేరు. ఏ గుణమునకు వెల కట్టుదుమో ఆ గుణమే పెరుగును. కొన్ని సంవత్సరములలో ఆ మోజు తీఱినది, ధరలు కూలినవి. కొన్న శునకములను, అమ్ముడుపోని శునకములను పీఠభూమిపై విడిచిపెట్టిరి. నేడు అవి గుంపులుగా తిరుగుచు పశువులను, మనుష్యులను, వన్యప్రాణులను బాధించుచున్నవి. ఒకనాడు మందను కాచిన వంశము నేడు మందలకే భయహేతువైనది. ఇందు దోషము శునకముది కాదు.

మన దక్షిణ దేశమున రాజపాళయము కథ చిన్నది గాని అదే బోధను ఇచ్చును. తమిళదేశపు ఈ శునకము వేటకును కావలికిని పేరొందినది. నిండు తెల్లని మేను, గులాబి ముక్కు గలదే శ్రేష్ఠమని జనులు తలచిరి. అట్టివానినే కోరి కలిపిరి. కాని ఆ శ్వేతవర్ణమునకును చెవుడునకును సంబంధము కలదని పశువైద్యులు చెప్పుచున్నారు. ఆ జాతిలో చెవిటి పిల్లలు పుట్టుట తఱచైనది. అల్పశబ్దమునకు మేల్కొనవలసిన కావలివానికి చెవి లేకపోయిన తరువాత తెల్లని మేనితో ఏమి ప్రయోజనము?

జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899లో జర్మన్ షెపర్డ్ జాతికి సంఘమును స్థాపించినప్పుడు ఉపయోగమే అందమునకు ప్రమాణమని పదేపదే హెచ్చరించెను. అయినను కాలక్రమమున ఆ జాతి రెండు పాయలుగా చీలినది. ప్రదర్శనకు ఒక పాయ, పనికి ఒక పాయ. ప్రదర్శన వేదికపై నడుము వాల్చి నిలుచు శునకమునకును, గొఱ్ఱెల వెంట దినమంతయు పరుగిడిన దాని పూర్వజునకును పేరు ఒక్కటే మిగిలినది.

స్వభావము తరముల ఎంపిక వలన ఎంత వేగముగా మాఱునో రష్యాలోని నొవొసిబీర్స్క్‌లో దిమిత్రి బెల్యాయెవ్ 1959లో ఆరంభించిన నక్కల ప్రయోగము నిరూపించినది. మనుష్యుని చూచి భయపడని నక్కలనే ప్రతి తరమునను ఎంచి సంతానము పొందగా, కొలది తరములలోనే తోక ఊపుచు మనుష్యుని చేతిని నాకు నక్కలు పుట్టినవి. అచ్చటనే ఉగ్రమైన నక్కలను ఎంచి మఱొక శాఖను పెంచగా అవి మనుష్యుని చూడగానే పంజరపు కమ్మీలను కఱచునవైనవి. ఒకే నక్కజాతి, ఒకే ఆహారము, ఒకే పంజరము. ఎంచుకొనువాని సంకల్పము మాత్రమే వేఱు. కావున "మేము ఉగ్రమైన కుక్కనే కోరితిమి, అంతకన్న మేము చేసినదేమి?" అను యజమాని తన సంకల్పము యొక్క ఫలమును తప్పించుకొనజాలడు. కోరికయే బీజము.

పూర్వపక్షములు, సమాధానములు

ఇచట కొన్ని ఆక్షేపణలు రాగలవు. వాటిని విస్మరించుట న్యాయము కాదు.

మొదటి ఆక్షేపణ శాస్త్రజ్ఞుల నుండి వచ్చును. 2022లో సైన్స్ పత్రికయందు ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన 18,000కు పైగా శునకముల వివరములను పరిశీలించి, ఒక్కొక్క శునకము ప్రవర్తనలో కనబడు భేదములందు జాతి వలన తెలియునది సుమారు 9 శాతము మాత్రమేనని తేల్చినది. అట్లయినచో జాతి స్వభావమును కాపాడుట అను మాటకు అర్థమేమి? ఈ ఆక్షేపణ బలమైనది. కాని ఇది పైన చెప్పిన వాదమును ఖండింపదు, బలపఱచును. పేరును, వంశపత్రమును చూచి గుణమును నమ్మరాదని అది చెప్పుచున్నది. నామరూపములు గుణమునకు హామీ కావని వేదాంతము చెప్పునదే గదా. గద్దీ కాపరి జాతిపేరును నమ్మి కూర్చుండలేదు. ప్రతి శునకమును, ప్రతి తరమును పనిలో పరీక్షించెను. ఆ పరీక్ష ఆగిన నాడు జాతిపేరు మిగిలి స్వభావము తొలగును. సోదరులైన రెండు పిల్లలలో ఒకటి ధీరమై, ఒకటి పిఱికిదై పుట్టగలదు. ఏది తరువాతి తరమునకు తల్లి కావలెనో నిర్ణయించుటలోనే పెంపకందారుని ధర్మమున్నది.

రెండవ ఆక్షేపణ ప్రజాక్షేమము కోరువారిది. పసిపిల్లలను, వృద్ధులను శునకములు గాయపఱచిన వార్తలు విన్నవారి ఆవేదన న్యాయమైనది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 23 జాతుల శునకముల అమ్మకమును, సంతానోత్పత్తిని ఆపవలెనని రాష్ట్రములకు వ్రాసినది. ఆ పట్టికలో రాట్‌వైలర్, పిట్‌బుల్ మొదలుగా టర్కీ దేశపు కాంగల్, కాకసస్ పర్వతముల కాపరి శునకము వంటి మందకావలి జాతులును ఉన్నవి. సంబంధించిన వారిని సంప్రదింపలేదను కారణము మొదలైన వాటితో ఢిల్లీ, కర్ణాటక ఉన్నత న్యాయస్థానములు ఆ ఉత్తరువును త్రోసిపుచ్చినవి. నిషేధము ఉండవలెనా వలదా అన్నది పాలకులు, న్యాయమూర్తులు తేల్చవలసిన విషయము. కాని ఒక్క సంగతి స్పష్టము. పట్టికలో పేరు లేని జాతి అంతయు సాధువు కాదు, పేరు ఉన్న జాతి అంతయు క్రూరము కాదు. ఒక జాతిని నిషేధించినచో ఉగ్రత కోరువాడు మఱొక జాతిని వెదకి దానిని పాడుచేయును. వ్యాధి యజమాని కోరికలో ఉన్నంతవఱకు ఔషధము పట్టికలో దొరకదు. గాయపడిన బిడ్డకు యజమాని బాధ్యుడు. "కుక్క కదా, కఱచినది" అని చేతులు దులుపుకొనుటకు వానికి అధికారము లేదు.

మూడవ ఆక్షేపణ సాధకుల నుండియే రాదగినది. పండితుని యందును, గోవు నందును, ఏనుగు నందును, శునకము నందును సమదర్శనము కలవాడే జ్ఞాని అని భగవద్గీత పంచమాధ్యాయము చెప్పుచుండగా, ఈ శునకము తల్లి కాదగినది, ఆ శునకము కాదు అని ఎంచుట సమదృష్టికి విరుద్ధము కాదా? పెద్దలు దీనికి ఎప్పుడో సమాధానము చెప్పియున్నారు. సమత్వము దర్శనమున ఉండవలెను, వర్తనమున వివేకము ఉండవలెను. ఏనుగును ఆవును ఒకే పాకలో కట్టరు. భయగ్రస్తమైన శునకమును ప్రేమతో పోషింపవలెను, జీవితాంతము విడువరాదు. కాని దాని భయమును సంతానమునకు పంచుట దానియెడ కరుణ కాదు.

ఇచటనే మఱొక హెచ్చరిక అవసరము. శునకముల సంతానమును గూర్చిన ఈ విచారణను కొందఱు మనుష్యుల పుట్టుకకు అన్వయింప చూతురు. అది అపచారము. శునకము తన జతను తాను ఎంచుకొనదు, తన నడవడిని తాను విమర్శించుకొనదు. మనుష్యుడు ఎంచి కలుపును, మనుష్యుడే ఫలమునకు బాధ్యుడగును. మనుష్యునకు బుద్ధియు, పురుషప్రయత్నమును ఉన్నవి. ఏ కులమున పుట్టినను సాధన వలన తన్ను తాను ఉద్ధరించుకొను అధికారము వానికి కలదు. పైగా శునకములలోనే వంశనామము గుణమును నిశ్చయింపజాలదని తేలిన పిదప, మనుష్యులలో నిశ్చయించునని వాదించుట హాస్యాస్పదము.

చంపకయే కాచువాడు

రక్షకధర్మము అహింసకు ఎంత సమీపముగా నుండగలదో ఆఫ్రికాలోని నమీబియా చూపినది. అచ్చటి రైతులు తమ మేకలను, గొఱ్ఱెలను చిఱుతలు ఎత్తుకొనిపోవుచుండగా కనబడిన చీతానెల్ల కాల్చిచంపుచుండిరి. లారీ మార్కర్ నెలకొల్పిన చీతా పరిరక్షణ సంస్థ 1994 నుండి టర్కీ దేశపు కాంగల్, అనటోలియా కాపరి శునకములను ఆ రైతులకు ఇచ్చుచున్నది. ఆ శునకములు చీతాను వెంటాడి చంపవు. మంద ముందు నిలిచి గంభీరముగా మొఱగును. పోరాటమున గాయపడిన చీతా వేటాడి బ్రతుకజాలదు గనుక, సాధారణముగా తొలగిపోవును. అనేకులైన రైతులు తమ నష్టము 80 శాతమునకు పైగా తగ్గినదని తెలిపిరి. గొఱ్ఱె బ్రతికినది, రైతు బ్రతికినాడు, చీతాయును బ్రతికినది. 2022 సెప్టెంబరులో మన కూనో జాతీయోద్యానమునకు వచ్చిన 8 చీతాలు ఆ నమీబియా దేశము నుండి వచ్చినవే.

గమనింపవలసినది ఏమనగా, పై పట్టికలో నిషేధింపదగినదని పేర్కొనబడిన కాంగల్ జాతియే అచ్చట క్రూరమృగమునకును ప్రాణదాత అయినది. అదే శునకమును నగరమున ఇరుకు వరండాలో గొలుసుకు కట్టి, బెత్తముతో రెచ్చగొట్టి, ఎండలో మాడ్చినచో అది ఎవని గొంతు పట్టునో చెప్పలేము. కాయుటకు మంద లేక, తిరుగుటకు నేల లేక, నమ్ముటకు యజమాని లేక ఉన్న రక్షకుడు ఎవరినో ఒకరిని శత్రువుగా కల్పించుకొనును.

గృహస్థులకు కొన్ని మాటలు

కావున కావలి శునకమును కోరు గృహస్థు మొదట తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. కాయవలసినది నిజముగా ఏమున్నది? అపార్టుమెంటు ఇంటికి గొళ్లెము చాలును. మంచు పర్వతముల దట్టపు బొచ్చు గల శునకమును వేసవిలో 45 డిగ్రీలు తాకు తెలంగాణ మైదానములకు తెచ్చి బంధించుట వైభవము కాదు, హింస. పల్లెలోని పొలము కాపునకు మన ఊరి కుక్కయే చాలును. ఎండకు తట్టుకొనును, కొంచెము గంజికి తృప్తి చెందును, ఊరివారిని ఎఱుగును. గొల్ల కురుమల మందల వెంట తరతరములుగా నడచినవి అవియే.

తీసికొనదలచినవారు పిల్ల అందమును చూచుటకు ముందు తల్లిని చూడవలెను. వీలైనచో తండ్రిని కూడ చూడవలెను. పరిచయములేని అతిథి వాకిట నిలిచినపుడు ఆ తల్లి ఏమి చేయునో గమనింపవలెను. మంచము క్రింద దూఱునా, తెగబడి కఱచ వచ్చునా, లేక మొఱగి యజమాని మాటకు శాంతించునా? మూడవదాని పిల్లనే తెచ్చుకొనవలెను. తల్లిని చూపుటకు నిరాకరించు అమ్మకందారు వద్ద కొనరాదు. ఎనిమిది వారములు నిండక పూర్వము పిల్లను తల్లి నుండి వేఱుచేయరాదు. తల్లి, తోడి పిల్లలు నేర్పు హద్దులను ఏ మనుష్యుడును తరువాత నేర్పజాలడు.

మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు గల కాలము మిక్కిలి ముఖ్యమని అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను పరిశోధకులు 1965లో ప్రకటించిన గ్రంథమున నిరూపించిరి. ఆ కాలమున పిల్ల దేనిని చూచునో, ఎవరి స్పర్శను పొందునో, అది దాని లోకమగును. మనకు సంస్కారములు శైశవముననే జరుగునట్లే దానికిని. వృద్ధులను, పసిపిల్లలను, గొడుగు పట్టినవారిని, బండి చప్పుడును, ఆవులను దానికి సౌమ్యముగా పరిచయము చేయవలెను. పశువైద్యుని సలహాతో టీకాలు వేయించుచు ఇది జరుపవలెను. కొట్టి ఉగ్రతను పుట్టింపరాదు. పగలెల్ల గొలుసుతో కట్టి ఉంచరాదు. పిఱికిదై కఱచు శునకము, నిష్కారణముగా తెగబడు శునకము ఎంత సుందరమైనను, ఎన్ని బహుమతులు పొందినను, దాని నుండి సంతానము తీయరాదు. పెంపకందారులకు ఇదియే ప్రథమ నియమము. కొనువారు ఉగ్రతకు వెల ఇచ్చుట మానిననాడు ఈ నియమమును పాటించుట వారికి సులభమగును.

మహాభారతము రెండు శునకముల నడుమ నిలిచినది. ఆదిపర్వమున జనమేజయుని సోదరులు యజ్ఞశాలకు వచ్చిన ఒక సారమేయుని నిష్కారణముగా కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైనను లేదు. దాని తల్లి సరమ వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డను కొట్టితిరి గనుక మీకు ఊహింపని భయము సంభవించునని శపించెను. ఎవరిని ఎట్లు పెంచితిమో, ఎట్లు హింసించితిమో తెలియని ఉగ్ర శునకము వాకిట నుండ, దాని నుండి ఎప్పుడు ఎవరికి ఏ ఆపద వచ్చునో తెలియని నేటి గృహస్థు స్థితి ఆ శాపమునకు వ్యాఖ్యానము వలె ఉన్నది.

మహాప్రస్థానమున ఆ కథ తిరుగబడినది. సోదరులును, ద్రౌపదియు దారిలో పడిపోగా, హస్తినాపురము నుండి వెంట నడచిన శునకము మాత్రము హిమాలయ సానువులలో ధర్మరాజు వెంట మిగిలినది. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను, ఆశ్రయించినదానిని విడువనని ధర్మరాజు నిలిచెను. చివరకు ఆ శునకము ధర్మదేవతయే అని తెలిసినది. అది దారి పొడుగునను మొఱగి తన గొప్పను చాటుకొనలేదు, ఎవరిని కఱవలేదు, వెంట నడచినది. ధర్మదేవత ఏ ప్రాణి స్వభావమును తన రూపముగా ఎంచుకొనెనో, ఆ స్వభావమును వికృతము చేయకుండ తరువాతి తరమునకు అందించుట మనుష్యుని వంతు.

స్వస్తి.